అడుగు కనపడే నీళ్ళు

తూములపాలెం సంఘంలో బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళందరికీ తల తుడిచింది ఎలీసమ్మే. ఆమెకి మాత్రం ఎవరూ తుడవలేదు. తుడవడానికి ఆమె ఏనాడూ తడవలేదు.

ఏటా పత్తి తీతలు అయిపోయి, మిరపకోతలు ఇంకా ముమ్మరం కాకముందు, సంఘమంతా ట్రాక్టర్ ట్రక్కులెక్కి వాడరేవు వెళ్ళేది. పాస్టరు అయ్యగారు నడుంలోతు సముద్రంలో నిలబడేవాడు. దిగేవాళ్ళు చెప్పులు, సెల్‌ఫోన్లు, గాజులు, పొడిబట్టల మూటలు ఎలీసమ్మ ముందు పెట్టి దిగేవాళ్ళు. మునిగి, వణుక్కుంటూ పైకొచ్చిన ఆడపిల్లలకి ఆమె పాతచీర రెండు చేతులా చాపి అడ్డం పట్టేది. ఆ చాటున వాళ్ళు బట్టలు మార్చుకుంటుంటే గాలికి చీర ఎగరకుండా అంచు పంటితో బిగబట్టేది. తన కోడలు ఫెబాకి కూడా అలాగే పట్టింది. తిరుగు ప్రయాణంలో ట్రక్కు నిండా తడిజుట్టులు, ఉప్పువాసన, పాటలు. మధ్యలో పొడిబట్టలతో ఎలీసమ్మ, అందరి తడిబట్టల మూటలు ఒళ్ళో పెట్టుకుని.

బాప్తిస్మం లేనివాళ్ళకి ఆ సంఘంలో బల్ల లేదు. బల్ల అంటే నెలకొకసారి, మొదటి ఆదివారం, ఆరాధన చివర ఇచ్చే చిన్న రొట్టెముక్క, బొటనవేలంత గ్లాసులో ద్రాక్షరసం. ఆడవాళ్ళ వైపు చాపల మీద పళ్ళెం చేతులు మారుతూ వచ్చేది. ఎలీసమ్మ దాన్ని భద్రంగా అందుకుని, కళ్ళు దించుకుని, పక్కమనిషికి అందించేది. అన్నేళ్ళలో ఆమె చేతిలో ఒక్క చుక్క ఒలకలేదు.

అవతల మగవాళ్ళ వైపు ఆమె మొగుడు ఏసుబాబు గ్లాసెత్తి తాగి, ఒకసారి ఇటు చూసేవాడు. ఇంటికి నడిచేటప్పుడు ఇద్దరూ పక్కపక్కనే నడిచేవాళ్ళు. మిరప కళ్ళాల మధ్య సన్నటి డొంక. ఏసుబాబు నోరు విప్పి మాట్లాడితే ఆ మాటతోపాటు ఒక వాసన వచ్చేది. తియ్యగా, ఘాటుగా, లవంగంలా.

"ఏమే, రేపు పరలోకంలో కూడా ఇట్టాగే చేస్తావా? నేను లోపల కూర్చుని తింటా ఉంటే నువ్వు బయట నా చెప్పులు కాస్తా ఉంటావా?" అనేవాడు.

"నీ చెప్పులు ఎవరెత్తుకుపోతారులే, తెగినవి" అనేది ఎలీసమ్మ. అని, ఇంకొంచెం దగ్గరగా జరిగి నడిచేది, ఆ వాసన కోసం. బల్ల వాసన అదే అనుకునేది. తనకి దక్కిన బల్ల అంతే అనుకునేది.

పోయినేడు పత్తిచేలో, భుజాన సంచీ ఉండగానే, ఏసుబాబు గుండె పట్టుకుని కూర్చుని మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఆ పరలోకం మాట పరాచికంగా మిగల్లేదు. మొదటి ఆదివారం పళ్ళెం చేతికొస్తే మునుపటి కంటే బరువనిపించేది. మగవాళ్ళ వైపు ఆయన కూర్చునే కిటికీ పక్క చోటు చూడకుండా ఉండలేకపోయేది. తను చనిపోయాక కూడా ఆయన అటు, తను ఇటు ఉండిపోతామేమో అని రాత్రింబవళ్ళూ అదే బెంగ.

ఆమెకి నమ్మకం లేక కాదు. నీళ్ళంటే భయం. అదీ అన్ని నీళ్ళూ కాదు, అడుగు కనపడని నీళ్ళు. చిన్నప్పుడు, ఎనిమిదో తరగతి మాన్పించి కూలికి పంపిన ఏడు, సాగర్ కాలువలో గోతాలు ఉతకబోయి జారిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చుట్టూ ఎర్రమట్టి రంగు తప్ప ఏమీ లేదు. పైకేదో కిందకేదో తెలియలేదు. ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. అప్పట్నించీ స్నానానికి బకెట్ పెట్టుకున్నా ముందు వంగి అడుగు చూసుకుని గానీ చెంబు ముంచదు. ఇవన్నీ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని సిగ్గు. రెండుసార్లు తెల్లచీర కట్టుకుని వాడరేవులో దిగింది కూడా. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోయేసరికి, వెనక్కి తిరిగి ఒడ్డుకి పరుగెత్తింది.

"మా మరదలు పరలోకానికి పొడిబాటన పోద్దిలేరా" అన్నాడు ఏసోబు. ఆయన ఏసుబాబుకి అన్న, సంఘ పెద్ద, గొంతు మైకు అక్కర్లేనిది. ఆ మాట ఊళ్ళో చాన్నాళ్ళు తిరిగింది.

కొత్తగా వచ్చిన శ్యామ్ సుందర్ అయ్యగారు చిన్నవాడు. ఒకరోజు ఇంటికి ప్రార్థనకొచ్చి, టీ తాగుతూ, "మీకు భయం దేనికమ్మా?" అని అడిగాడు. ఎందుకు తీసుకోవట్లేదని అందరూ అడిగారు గానీ, భయం దేనికని అడిగినవాడు ఆయనొక్కడే.

"అడుగు కనపడదయ్యగారూ" అంది ఎలీసమ్మ, గడపవైపు చూస్తూ.

ఆయన నవ్వలేదు. అవునన్నట్టు తలూపి, టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. నెల తిరిగేసరికి, మిట్టమధ్యాహ్నం, చర్చి ముందు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దాని మీద తాళ్ళతో కట్టిన పెద్ద తొట్టి, వెల్లకిలా పడుకున్న గేదెలా ఉంది. ఆటోలోంచి నల్లపాడులో పాతసామాన్ల కొట్టు పెట్టుకున్న మొహిద్దీన్ బాషా దిగాడు.

"ఏందయ్యా ఇది, కుడితి తొట్టా?" అన్నాడు ఏసోబు.

"బాత్ టబ్ అండి. సముద్రం ఒడ్డున ఏదో గెస్ట్‌హౌస్ పడగొడితే కొన్నాను. కొనేవాడు లేక మా మేకలు నీళ్ళు తాగుతున్నాయి ఇందులో" అన్నాడు బాషా.

అయ్యగారు విషయం చెప్పాడు. అడుగు కనపడే నీళ్ళు ఉంటే ఎలీసమ్మ గారు దిగుతారు, ఒక్కరి కోసమైనా బాప్తిస్మం బాప్తిస్మమే, ముంచడానికి చాలినంత నీళ్ళుంటే చాలు అని. ఏసోబు నడుం మీద చేతులు పెట్టుకుని తొట్టి చుట్టూ తిరిగాడు.

"నది కాదు, కాలువ కాదు, సముద్రం కాదు. చివరికి మేకల తొట్టా! ఏం ఎలీసమ్మా, సబ్బు కూడా పెట్టమంటావా, షాంపూ తెప్పించమంటావా?"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. ఎలీసమ్మ ఆ నవ్వు వినలేదు. తొట్టిలోకి వంగి చూస్తోంది. ఒకప్పుడు తెలుపేమో. ఇప్పుడు అడుగున బురద, గోడల వెంట ఆకుపచ్చని పాచి, దాని కింద బోరు నీళ్ళు పేరబెట్టిన ఉప్పు గార, పళ్ళ మీద గారలాగే పసుప్పచ్చగా, గట్టిగా. నీళ్ళు పోయే కంత దగ్గర్నించి తుప్పు చార.

"దీని అడుగూ కనపడట్లేదు కదయ్యగారూ."

"తోమితే కనపడుద్దమ్మా."

ఆమె వేలితో పాచి గీరి చూసింది. తర్వాత తనకే వినపడేంత నెమ్మదిగా, "నేనే తోముకుంటా" అంది. "మొదటి ఆదివారం ఇంకెంతో లేదు. ఈలోపు తెల్లగా వస్తే దిగుతా. రాకపోతే నన్నిక అడగొద్దు."

అరువు తెచ్చిన తొట్టిని చర్చి పక్క రేకుల షెడ్డులో దించారు. పగలంతా కళ్ళంలో మిరపకాయలు ఏరడం, తాలుకాయ వేరుచేయడం, పొద్దువాలాక తొట్టి. ఫెబా కూడా కొంగు బిగించి వచ్చేది. నోటి దురుసే గానీ చేతిసాయానికి వెనకాడని పిల్ల.

మొదట బురద తోడారు. పాచిని కొబ్బరిపీచుతో, సర్ఫు నీళ్ళతో రుద్దితే ఊడొచ్చింది. గార మాత్రం కదల్లేదు. ఫెబా కిరాణా కొట్టునుంచి యాసిడ్ సీసా తెచ్చింది. మూత తీయబోతుంటే ఖాళీ ఆటోతో అటుగా పోతున్న బాషా చూసి కేకేశాడు.

"ఆగండాగండి! అది పోస్తే పైనున్న మెరుపంతా పోయిద్ది. తెలుపు లేచిపోయి కింద నల్ల ఇనుము బయటపడుద్ది. తర్వాత మీ ముత్తాత వచ్చి తోమినా అంతే."

"మరెట్టా తమ్ముడూ?" అంది ఎలీసమ్మ.

"పులుపక్కా. మా ఇంట్లో బిందెలకి చింతపండేగా. గట్టిగా అడగొద్దు దాన్ని, నానబెట్టి అడుగు."

ఆ మాట ఎలీసమ్మకి నచ్చింది. పాత చింతపండు గుజ్జు తీసి, ఉప్పు కలిపి, గార మీద మందంగా పట్టించింది. పైన తడిపిన పాతచీర ముక్కలు పరిచింది. తెల్లారి కళ్ళానికి పోబోయే ముందు చీరముక్క ఎత్తి గోరుతో గీరి చూసింది. గోరు కింద గార మెత్తగా, తడిసిన సున్నంలా లేచొచ్చింది. కింద తెలుపు. గోరంత తెలుపు. ఆమె అక్కడే కూలబడి దాన్నే చూస్తూ కూర్చుంది.

"అత్తా, మేస్త్రి అరుస్తాడు, లెగు" అంది ఫెబా.

"వస్తన్నానే. ఇటు చూడు, కోడిగుడ్డులా ఉంది."

రోజూ కాస్త కాస్త. గార వదిలినచోట మెత్తగా జల్లించిన కట్టెల బూడిద చల్లి రుద్దాలి. ముగ్గుపిండి వాడితే గీతలు పడతాయేమోనని ఆమెకి భయం. తుప్పు చార మీద నిమ్మచెక్కలు రుద్దింది. నిమ్మకాయలు ఎవరి ఇంట్లో పిండినా చెక్కలు ఎలీసమ్మకి పంపడం ఊళ్ళో అలవాటైపోయింది. నవ్వినవాళ్ళే పిల్లల చేత పంపేవాళ్ళు. రుద్దడానికి కొబ్బరిపీచు అరిగిపోతే, అటక మీద పాత గోతం చింపి ముక్కలు చేసుకుంది. గరుకుగా, చేతికి నిండుగా, గీత పడకుండా తోముతుంది గోతం. చివర్లో, మెరుపు రావడానికి, ఆ గోతం ముక్కతోనే తొట్టి మొత్తం, మూలమూలా, పైనుంచి కిందకి తోమింది.

తోముతూ ఆలోచించేది. ఏసుబాబు ఉంటే తొట్టి అంచు మీద కూర్చుని బీడీ వెలిగించి, "నన్నొక్కసారన్నా ఇట్టా తోమావంటే" అనేవాడు. ఆ మాట నిజంగా వినపడ్డట్టయి చెయ్యి ఆగిపోయేది. షెడ్డు బయట కళ్ళాల మీద ఎర్రటి కాయలు పొద్దుకి నల్లబడుతుండేవి. మళ్ళీ తోమేది.

శనివారానికి తొట్టి తెల్లబడింది. అలాంటి తెలుపు తూములపాలెంలో ఇంకే వస్తువుకీ లేదు. అడుగున ఒకచోట మాత్రం పెచ్చు లేచి పత్తిగింజంత నల్లమచ్చ. అది మురికి కాదు, దెబ్బ. ఎంత రుద్దినా పోలేదు. ఎలీసమ్మ దాన్ని వేలితో తడిమి వదిలేసింది. కంతకి ఫెబా చెక్కబిరడా చెక్కి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించింది.

ఇక నీళ్ళు. బోరు నీళ్ళు తేటగా ఉండవు, కాలువ ఎండిపోయింది. ఏం చేయాలా అని ఇద్దరూ ఆలోచిస్తుంటే, ఆదివారం పొద్దున్నే షెడ్డు ముందు మినరల్ వాటర్ క్యాన్లు దిగుతున్నాయి. మోస్తున్నది ఏసోబు. చొక్కా తడిసిపోయి ఉంది.

"మీరెందుకు బావగారూ" అంది ఎలీసమ్మ నొచ్చుకుంటూ.

"ఇంకే నీళ్ళు పోసినా అడుగు కనపడలేదని మళ్ళా పరుగెత్తుతావని! నువ్వు పరుగెత్తితే పట్టుకునే ఓపిక నాకు లేదమ్మాయ్" అని గద్దించి, క్యాను ఎత్తి తొట్టిలో వంచాడు. వంచుతూ, ఎవరూ వినకుండా, "తమ్ముడు అడిగిపోయాడు నన్ను. మా దాన్ని ఎట్టాగన్నా దించన్నా అని" అన్నాడు.

నీళ్ళు నిండుతుంటే ఎలీసమ్మ వంగి చూసింది. నీళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత తేట. అడుగున పత్తిగింజంత నల్లమచ్చ, కదలకుండా, ఉన్నచోటే ఉంది.

సంఘమంతా షెడ్డు చుట్టూ నిలబడింది. ఫెబా పాతచీర పట్టుకుని సిద్ధంగా ఉంది. ఎలీసమ్మ తెల్లచీర కట్టుకుని, తొట్టి అంచు పట్టుకుని, ఒక కాలు పెట్టింది. చల్లదనం మోకాలిదాకా పాకింది. మచ్చ కనపడుతోంది. రెండో కాలు పెట్టింది. మచ్చ కనపడుతోంది. కూర్చుంది.

అయ్యగారు బయట మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెయ్యి ఆమె వీపు కింద, ఒక చెయ్యి తల మీద పెట్టి, పలకాల్సిన మాటలు పలికాడు. "కళ్ళు మూసుకోండమ్మా" అన్నాడు.

ఎలీసమ్మ మూసుకోలేదు. చూడాలనుకుంది. వెనక్కి వాలింది. నీళ్ళు చెవుల మీదుగా, నుదుటి మీదుగా మూసుకున్నాయి. పైన తెల్లటి వెలుగు, రేకుల సందులోంచి ఎండ, అయ్యగారి ముఖం వణుకుతూ. పైకేదో కిందకేదో స్పష్టంగా తెలుస్తోంది. ఎర్రమట్టి రంగు ఎక్కడా లేదు. అంతలోనే కళ్ళు భగ్గుమన్నాయి.

పైకి లేచేసరికి చెంపల మీద ధారలు కట్టి నీళ్ళు. కళ్ళు తెరవలేకపోతోంది. ముక్కు కారిపోతోంది. జనం "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. అయ్యగారు చలించిపోయి, తడిచేత్తో తన కళ్ళు తుడుచుకున్నాడు. మరుక్షణం ఆయనకీ ధారలు కట్టాయి. "ఆత్మ దిగిందిరా!" అని ఏసోబు తొట్టి అంచు పట్టుకుని పెద్దగా ఏడుపందుకున్నాడు, ముఖం తుడుచుకున్నాడు, "అమ్మో!" అని కేక పెట్టాడు.

ఫెబా చీర చాపి అత్తని చాటుకి తీసుకుంది. తల తుడుస్తూ వాసన చూసింది.

"అత్తా, తొట్టి దేంతో తోమావు?"

"గోతంతోనే."

"ఏ గోతం?"

"మనింట్లో ఇంకే గోతాలుంటాయే? మిరపకాయలు తొక్కిన టిక్కీ గోతమే, నిరుడుది."

"నీ చేతులకి తెలవలేదా?"

ఎలీసమ్మ తన చేతులు చూసుకుంది, కనపడీ కనపడక. "నా చేతులకి కారం తెలవడం ఎప్పుడో మానేసిందిగా" అంది.

ఫెబా ముందు నోరు మూసుకుంది. తర్వాత ఆపుకోలేక నవ్వింది. ఎలీసమ్మకీ నవ్వొచ్చింది. మంటకి ఏడుస్తూ, నవ్వుతూ, చీర చాటున ఇద్దరూ ఊగిపోయారు. చీర అంచు ఎగరబోతే ఫెబా పంటితో బిగబట్టింది. ఎవరో చల్లటి పాలు తెచ్చారు. కళ్ళు కడుక్కున్నారు. అయ్యగారు కూడా కడుక్కుని, ఎర్రబడ్డ కళ్ళతోనే చర్చిలోకి నడిచాడు. "మరిచిపోయే బాప్తిస్మం కాదమ్మా మీది" అన్నాడు.

ఆరాధన చివర పళ్ళెం బయల్దేరింది. చేతులు మారుతూ ఎలీసమ్మ దాకా వచ్చింది. ఆమె భద్రంగా అందుకుంది, కళ్ళు దించుకుంది, పక్కనున్న ఫెబాకి అందించింది.

"అత్తా" అని ఫెబా దాన్ని వెనక్కి జరిపింది. "నీది తీసుకో."

ఎలీసమ్మ చెయ్యి కాసేపు అక్కడే ఆగిపోయింది. తర్వాత ఒక ముక్క తీసుకుంది. ఒక గ్లాసు తీసుకుంది. కిటికీ పక్క ఖాళీ చోటు వైపు ఒకసారి చూసింది. ఆయన గ్లాసెత్తి ఇటు చూసేవాడు కదా, తనూ అలాగే చూసి, తాగింది.

తియ్యగా ఉంది. నాలుక మీద, గొంతులో, తియ్యగా. ఆమె ఇంకా దేనికోసమో ఆగింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. అది రాలేదు.

ఇంటికి డొంకదారిన నడుస్తూ అడిగింది. "ఫెబా, రసంలో ఈసారి లవంగం వేయలేదా?"

రసం కాసేది ఫెబానే, అయ్యగారి భార్యతో కలిసి, ఎండుద్రాక్ష ఉడికించి.

"లవంగమా? ఎప్పుడేశాం అత్తా! ఉత్త ఎండుద్రాక్షేగా."

"కాదే. మీ మామ బల్ల తీసుకుని వచ్చాడంటే నోటినిండా లవంగం వాసనేగా."

ఫెబా నిలబడిపోయింది. "అది బల్ల వాసన కాదత్తా. చర్చిలోకి పోయే ముందు బీడీ కంపు తెలీకుండా మామయ్య బుగ్గన పెట్టుకునేవాడు. మన పోపుల డబ్బాలోదే. ఆదివారం పూట కూడా కాల్చాడని తిడతావని, నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు."

ఎలీసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. కళ్ళు ఇంకా మండుతూనే ఉన్నాయి కాబట్టి ఫెబాకి ఏమీ తెలియలేదు. డొంకకి అటూఇటూ కళ్ళాల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. ఇన్నేళ్ళూ ఆమె దగ్గరగా జరిగి నడిచింది బల్ల వాసన కోసం కాదన్నమాట.

మర్నాడు బాషా తొట్టి కోసం వస్తే, ఎలీసమ్మ దాన్ని మెత్తటి పాత పంచెతో, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి ఇచ్చింది. "మేకల కళ్ళు జాగ్రత్త తమ్ముడూ, ఒక రోజు ఎండలో పెట్టు" అని చెప్పింది. బాషాకి అర్థం కాలేదు గానీ తలూపాడు.

తర్వాతి మొదటి ఆదివారం, ఫెబా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి తొందర పెడుతోంది. ఎలీసమ్మ వంటింట్లోకి వెళ్ళి, పోపుల డబ్బా మూత తీసి, ఒక లవంగం బుగ్గన పెట్టుకుని, వస్తున్నానే అని బయల్దేరింది.